రెక్కను పట్టి ఉంచే పట్టీలు

ఒక్కసారి మీ కుడి చేయి పైకి లేపండి. చెవికి ఆనేదాకా లేపండి. ఇప్పుడు ముందుకు చాపండి. పక్కకు చాపండి. వెనక్కు తిప్పి వీపు మీద పెట్టండి. చివరికి గిరక తిరిగినట్టు గుండ్రంగా తిప్పండి.

చూశారా? మన ఒంట్లో ఇన్ని దిక్కులకు తిరిగే కీలు ఇంకొకటి లేదు. మోకాలు తలుపు బందు లాంటిది. ముడుస్తుంది, చాస్తుంది. మోచేయి కూడా అంతే. తొంటి కీలు అన్ని వైపులా తిరుగుతుంది కానీ భుజం తిరిగినంత తిరగదు.

"రెక్కాడితే గాని డొక్కాడదు" అని మన పెద్దలు ఊరికే అనలేదు. జనగామ వైపు పత్తి ఏరే అక్కకు రెక్కే ఆధారం. మానుకోట వైపు మిర్చి తోటలో కైకిలి పోయే చెల్లెకు రెక్కే ఆధారం. భూపాలపల్లి అడవుల్లో ఎండాకాలం తునికాకు తెంపే తల్లికీ రెక్కే ఆధారం. తునికాకు కట్టకు 50 ఆకులు. వంద కట్టలు కట్టాలంటే అయిదు వేల ఆకులు తెంపాలి. అంటే అయిదు వేల సార్లు చేయి చాపి, వెనక్కు తీసుకోవాలి. ఒక్కసారైనా భుజం గురించి ఆలోచిస్తామా? ఆలోచించం. నొప్పి పుట్టిన నాడే భుజం ఉన్నదని గుర్తొస్తుంది.

అందుకే ఇవాళ భుజం లోపల ఏముందో చూద్దాం. ముఖ్యంగా, కండ్లకు కనిపించకుండా రెక్కను పట్టి ఉంచే పట్టీల సంగతి తెలుసుకుందాం.

మూడు బొక్కలు

భుజం దగ్గర మూడు బొక్కలు కలుస్తాయి. మూడింటినీ మీ చేత్తోనే తడిమి చూడవచ్చు.

మొదటిది మెడ కింద అడ్డంగా ఉండే బొక్క. పుస్తెల తాడు దీని మీది నుంచే కిందికి జారుతుంది. గొంతు గుంట పక్కన వేలు పెట్టి బయటి వైపు జరుపుతూ పొండి. భుజం కొస దాకా బొక్క తగులుతూనే ఉంటుంది. దీన్ని పుస్తకాల్లో జత్రుక అంటారు. మనం అడ్డబొక్క అనుకుందాం.

రెండోది వీపు మీద ఉండే రెక్కబొక్క. చేట లాగా వెడల్పుగా, పలచగా, మూడు మూలలతో ఉంటుంది. దీన్ని చూడాలంటే ఇంకొకరి సాయం కావాలి. మీ పక్కన కూర్చున్న అక్క వీపు మీద అరచెయ్యి పెట్టండి. ఆమెను చేయి పైకి లేపమనండి. మీ అరచేతి కింద బొక్క జరుగుతున్నట్టు తెలుస్తుంది. చేయి పూర్తిగా పైకి లేచే దారిలో మూడు పాళ్లు అనుకుంటే, రెండు పాళ్లు భుజం కీలు దగ్గర జరుగుతుంది. ఒక పాలు ఈ రెక్కబొక్క జరగడం వల్ల జరుగుతుంది. ఈ లెక్క చాలామందికి తెలియదు. భుజం పట్టేసిన మనిషి చేయి లేపబోతే భుజం మొత్తం చెవి వైపు పోతుంది, చూశారా? కీలు కదలక, ఉన్న బరువంతా రెక్కబొక్క మీద పడుతున్నదన్నమాట.

మూడోది జబ్బ బొక్క. భుజం నుంచి మోచేతి దాకా ఉండే పొడుగు బొక్క. దీని పై కొస బంతి లాగా గుండ్రంగా ఉంటుంది. ఆ బంతి రెక్కబొక్క అంచున ఉన్న చిన్న గిన్నెలో కూర్చుంటుంది. అందుకే దీన్ని బంతి గిన్నె కీలు అంటారు. మన ఊళ్లలో గూడ అంటారు. "గూడ జారింది" అంటే ఆ బంతి గిన్నెలోంచి బయటికి వచ్చిందని.

చెంచాలో నిమ్మకాయ

గిన్నె అన్నాం గానీ, అది లోతు గిన్నె కాదు. తొంటి దగ్గర ఉన్నది లోతు గిన్నె. అక్కడ తొడ బొక్క బంతి లోపలికి దిగి గట్టిగా కూర్చుంటుంది. భుజం గిన్నె అట్లా కాదు. చెంచా అంత లోతు మాత్రమే ఉంటుంది.

ఆటల పోటీల్లో చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని ఉరుకుతారు కదా. నిమ్మకాయ పెద్దది, చెంచా చిన్నది. కొంచెం వంగితే కింద పడుతుంది. భుజం అట్లాంటిదే. ఏ సమయంలో చూసినా బంతిలో మూడో వంతు కంటే ఎక్కువ భాగం గిన్నెకు ఆనుకుని ఉండదు.

మరి గిన్నె ఇంకొంచెం లోతుగా ఉంటే ఏం పోయేది? లోతుగా ఉంటే బంతి జారేది కాదు, నిజమే. కానీ చేయి ఇన్ని దిక్కులకు తిరిగేది కాదు. చెట్టు కొమ్మ వంచలేం. కొప్పు ముడి వేయలేం. వీపు రుద్దుకోలేం. తిరిగే స్వేచ్ఛ కావాలంటే గిన్నె లోతు తగ్గాలి. లోతు తగ్గితే జారే భయం పెరుగుతుంది. భుజానికి సంబంధించిన తిప్పలన్నీ ఈ ఒక్క సంగతిలోంచే పుడతాయి.

గిన్నె చుట్టూ ఒక మెత్తని అంచు ఉంటుంది. కుండ కింద పెట్టే చుట్టకుదురు లాగా. అది గిన్నె లోతును కొంచెం పెంచుతుంది. అయినా చాలదు. అందుకే పట్టీలు కావాలి.

నరం వేరు, తాడు వేరు, పట్టీ వేరు

మనం ఏ నొప్పికైనా "నరం పట్టింది" అంటాం. ఒంట్లో సన్నగా, పొడుగ్గా ఉన్న ప్రతిదాన్నీ నరం అనే అంటాం. నిజానికి ఇవి మూడు రకాలు.

నరం అంటే కబురు మోసేది. కరెంటు తీగ లాంటిది. వేడి తగిలిందని మెదడుకు చెబుతుంది. చెయ్యి తీయమని మెదడు చెప్పింది కండకు చేరుస్తుంది. నరం నలిగితే తిమ్మిరి పుడుతుంది, స్పర్శ పోతుంది.

తాడు అంటే కండను బొక్కకు కట్టేది. ఎద్దు గుంజితే బండి కదిలేది కాడికి కట్టిన తాడు వల్లనే. కండ ఎద్దు అనుకుంటే, బొక్క బండి. మధ్యలో తాడు. దీన్ని పుస్తకాల్లో స్నాయు బంధనం అంటారు.

పట్టీ అంటే ఒక బొక్కను ఇంకో బొక్కకు కట్టేది. పందిరి గుంజకు, అడ్డకర్రకు వేసిన కట్టు లాంటిది. అది దేన్నీ గుంజదు. ఊరికే పట్టుకుని ఉంటుంది. ఎంత దూరం పోవాలో అంత దూరం పోనిస్తుంది. దాటబోతే ఆపుతుంది. దీని పేరు సంధి బంధనం. డాక్టర్లు లిగమెంటు అంటారు. మీ కాగితాల మీద ఈ మాట కనిపిస్తే భయపడకండి. లిగమెంటు అంటే పట్టీ, అంతే.

పట్టీని దగ్గరగా చూస్తే సన్నని పీచులు వేలకు వేలు పక్కపక్కనే పేనినట్టు ఉంటాయి. జనుము తాడు పీచులు లాగా. అందుకే గట్టిగా ఉంటుంది. కానీ దానికి నెత్తురు తక్కువ అందుతుంది. తోలు తెగితే వారం పది రోజుల్లో మానుతుంది. పట్టీ తెగితే వారాలు కాదు, నెలలు పడుతుంది. "ఇంకా తగ్గలేదేంది" అని డాక్టరును తిట్టుకునే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఏ పట్టీ ఏం పని చేస్తుంది

భుజం కీలు చుట్టూ ముందు ఒక సంచి ఉంటుంది. బంతినీ గిన్నెనూ కలిపి మూసి ఉంచే సంచి. లోపల నూనె లాంటి జిగట నీరు ఉంటుంది. ఆ నీటి వల్లనే బొక్కలు అరగకుండా జారుతాయి. చేయి కిందికి వేలాడినప్పుడు ఈ సంచి అడుగు భాగం ముడతలు పడి వదులుగా ఉంటుంది. చేయి పైకి లేపినప్పుడు ఆ ముడతలు విప్పుకుంటాయి. చీర కుచ్చిళ్లు అడుగు పెద్దగా వేస్తే ఎట్లా విప్పుకుంటాయో అట్లా. ఈ ముడతలే లేకపోతే చేయి పైకి లేవదు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందుకు పోయాక మళ్లీ అవసరం పడుతుంది.

ఆ సంచి ముందు వైపున మూడు పట్టీలు ఉంటాయి. పై పట్టీ, నడిమి పట్టీ, కింది పట్టీ.

చేతిలో నీళ్ల బకెట్ పట్టుకుని నడుస్తున్నారు. బరువు జబ్బ బొక్కను కిందికి గుంజుతుంది. అప్పుడు బంతి కిందికి జారకుండా పట్టేది పై పట్టీ. దానికి తోడు రెక్కబొక్క ముందు ముక్కు నుంచి వచ్చే ఇంకో మందమైన పట్టీ కూడా పట్టుకుంటుంది. రెక్కబొక్కకు ముక్కు ఏంది అనుకుంటున్నారా? అడ్డబొక్క బయటి కొస కింద, చంక వైపు వేలితో నొక్కితే గట్టిగా, కొంచెం నొప్పిగా తగులుతుంది. అదే ముక్కు. కాకి ముక్కు లాగా వంకరగా ఉంటుంది.

చేయి సగం లేపి గోడకు సున్నం వేస్తున్నారు. అప్పుడు నడిమి పట్టీ బిగుసుకుంటుంది.

తల మీద గంప. ఒక చేయి పైకి లేపి గంపను పట్టుకున్నారు. అప్పుడు బరువు పడేది కింది పట్టీ మీద. మూడింట్లో ఇదే పెద్దది, ఇదే ముఖ్యమైనది. ఇది ఉయ్యాల లాగా ఉంటుంది. ముందొక తాడు, వెనకొక తాడు, మధ్యలో జోలె. బంతి ఆ జోలెలో పండుకుని ఉంటుంది. చేయి లేపి వెనక్కు తిప్పితే ముందు తాడు బిగుస్తుంది. లోపలికి తిప్పితే వెనక తాడు బిగుస్తుంది. బిడ్డ ఎటు దొర్లినా ఉయ్యాల పట్టుకున్నట్టే.

బట్టను తల మీది దాకా లేపి బండకేసి బాదేటప్పుడు ప్రతి దెబ్బకూ ఈ ఉయ్యాల బిగుసుకుంటుంది, వదులవుతుంది. పాలకుర్తిలో దొర మీద కొట్లాడి భూమి నిలుపుకున్న చిట్యాల ఐలమ్మది చాకలి వృత్తి. ఆమె ధైర్యం గురించి అందరం చెప్పుకుంటాం. ఆ రెక్కల గురించి చెప్పుకునేవాళ్లు తక్కువ.

భుజం పైన ఇంకో పట్టీ ఉంది. రెక్కబొక్క ముక్కు నుంచి భుజం కొస దాకా అడ్డంగా కట్టి ఉంటుంది. బంతికి పైకప్పు లాంటిది. బంతి పైకి ఎగదన్నకుండా చూస్తుంది. ఆ కప్పుకూ బంతికీ మధ్య సన్నని సందు ఉంటుంది. ఆ సందులోంచి ఒక కండ తాడు పోతుంది. గంటల తరబడి చేయి తల కంటే పైకి లేపి పని చేస్తే ఆ తాడు కప్పుకు రాసుకుని వాస్తుంది. చేయి పక్కకు సగం లేచాక కలుక్కుమంటుంది. ఇంకా పైకి పోతే మళ్లీ నొప్పి తగ్గుతుంది. అట్లా అయితే నొప్పి ఆ సందులో ఉందని అనుమానించాలి.

ఇక అడ్డబొక్క సంగతి. మన చేయి మొండేనికి బొక్కతో అంటుకుని ఉన్నది ఒక్క చోటే. ఎక్కడో తెలుసా? భుజం దగ్గర కాదు. గొంతు గుంట పక్కన, అడ్డబొక్క లోపలి కొస ఛాతీ బొక్కకు కలిసే చోట. వీపు వైపు రెక్కబొక్క పక్కటెముకల మీద కండల ఆసరాతో తేలుతూ ఉంటుంది. ఆ రెక్కబొక్క ముక్కు నుంచి రెండు గట్టి పట్టీలు పైకి పోయి అడ్డబొక్కను పట్టుకుంటాయి. అంటే కావడి బద్దకు కుండ వేలాడినట్టు, అడ్డబొక్కకు మన చేయి మొత్తం వేలాడుతున్నది. రెండు బిందెలు చేతుల్లో పట్టుకుని నడిచే మనిషి బరువును మోసేది ఈ పట్టీలే. చాలా ఊళ్లలో ఇంటికి నల్లా వచ్చాక ఈ మోత తగ్గింది. పోయిన తరం ఆడవాళ్లకు ఆ సుఖం లేదు.

పట్టీలు ఒక్కటే చాలవు. భుజం చుట్టూ నాలుగు చిన్న కండలు ఉన్నాయి. నాలుగు వేళ్లతో నిమ్మకాయను పట్టినట్టు అవి బంతిని గిన్నెలోకి ఒత్తి పట్టుకుంటాయి. నులక మంచం వదులైతే నులక బిగిస్తాం. కానీ సాగిపోయిన పట్టీని మందుతో గానీ మాలిష్‌తో గానీ బిగించలేం. కండలను మాత్రం వ్యాయామంతో గట్టి చేయగలం. అందుకే గూడ జారి నయమైన మనిషికి డాక్టర్లు వ్యాయామం చెబుతారు.

గూడ జారితే

వాన పడ్డ ఒడ్డు మీద కాలు జారుతుంది. చేయి చాపి పడతాం. లేదా బండి మీది నుంచి పడతాం. చేయి వెనక్కు విరిగినట్టయి బంతి గిన్నె దాటి ముందుకు జారుతుంది. భుజం జారేవాళ్లలో ఎక్కువ మందికి ఇట్లా ముందుకే జారుతుంది. ముందు చెప్పిన కింది పట్టీ చిరుగుతుంది. చాలాసార్లు గిన్నె అంచు కూడా ఊడుతుంది.

గుర్తు పట్టడం కష్టం కాదు. భుజం గుండ్రం పోయి మూల తేలినట్టు కనిపిస్తుంది. మనిషి చేతిని ఒంటికి ఆనించలేదు. ఇంకో చేత్తో పట్టుకుని కూర్చుంటుంది. కదిపితే ప్రాణం పోయేంత నొప్పి.

ఇప్పుడు మనం ఏం చేస్తాం? ఎవరో ఒకరు "గుంజితే కూర్చుంటుంది" అంటారు. ఇద్దరు పట్టుకుంటారు, ఒకరు గుంజుతారు. ఇది చేయవద్దు. ఎందుకో చెబుతాను. భుజం కీలు కిందనే ఒక నరం జబ్బ బొక్కను చుట్టుకుని పోతుంది. చంకలో పెద్ద రక్తనాళం ఉంటుంది. బొక్క జారడంతో పాటు విరిగి కూడా ఉండవచ్చు. అది పైకి కనిపించదు, ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. విరిగిన దాన్ని గుంజితే విరిగిన ముక్క నరాన్ని కోస్తుంది. అప్పుడు గూడ కూర్చున్నా చేయి లేవదు.

పాత రోజుల్లో వైద్యం లేదా అని అడగవచ్చు. ఉంది. సుశ్రుతుడి గ్రంథంలో భుజం కీలు తప్పితే చంక కింద రోకలి పెట్టి ఎత్తి కూర్చోబెట్టాలని, తర్వాత స్వస్తికం ఆకారంలో కట్టు కట్టాలని రాసి ఉంది. గ్రీకు దేశంలో హిప్పోక్రటీసు పేరు మీద ఉన్న పుస్తకాల్లో వైద్యుడు రోగి చంకలో తన మడమ పెట్టి చేయి గుంజే పద్ధతి ఉంది. రెండు వేల ఏళ్ల కిందటి ఆ మనుషులకు కీలు ఎట్లా కూర్చోవాలో తెలుసు. కానీ వాళ్లకు ఎక్స్‌రే లేదు, మత్తు మందు లేదు. మనకు రెండూ ఉన్నాయి. ఉన్నప్పుడు వాడుకోకపోవడం ఎందుకు?

దవాఖానకు పోయేలోపు ఇట్లా చేయండి. చేయి ఎట్లా ఉంటే అట్లాగే ఉంచండి. ఒంటికీ చేతికీ మధ్య ఉన్న సందులో దుప్పటి మడిచి పెట్టండి. పాత చీర ముక్కను మూడు మూలలుగా మడిచి మెడకు కట్టి చేతికి ఊతం ఇవ్వండి. ఐసు దొరికితే బట్టలో చుట్టి భుజం మీద పెట్టండి. తోలు మీద నేరుగా పెట్టవద్దు. గాజులు, ఉంగరాలు వెంటనే తీసేయండి. వాపు వస్తే తర్వాత రావు. తినడానికి ఏమీ పెట్టవద్దు, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. వేళ్లు చల్లబడ్డాయా, రంగు మారాయా, గిల్లితే తెలుస్తున్నదా చూసి డాక్టరుకు చెప్పండి.

ఆలస్యం చేయవద్దు. గంటలు గడిచే కొద్దీ కండలు బిగుసుకుంటాయి. పసర్లు, కట్లు వేసుకుంటూ మూడు వారాలు దాటిందా, ఇక చేత్తో కూర్చోబెట్టడం చాలా కష్టం. ఆపరేషన్ దాకా పోతుంది.

కూర్చోబెట్టాక డాక్టరు చెప్పినన్ని రోజులు చేయి కట్టులోనే ఉండాలి. మామూలుగా రెండు మూడు వారాలు. వయసులో ఉన్నవాళ్లకు ఒకసారి జారిన గూడ మళ్లీ మళ్లీ జారే అవకాశం ఎక్కువ. చిరిగిన పట్టీ సరిగా అతకక పోవడమే కారణం. రెండు మూడుసార్లు జారితే పట్టీని, అంచును తిరిగి కుట్టే ఆపరేషన్ ఉంది.

ఇంకో సంగతి చెప్పాలి. పొలం మోటరు దగ్గర కరెంటు షాకు తగిలినా, మూర్ఛ వచ్చినా కండలన్నీ ఒక్కసారిగా బిగుసుకుంటాయి. అప్పుడు బంతి వెనక్కు జారవచ్చు. ఇది దొంగ దెబ్బ. భుజం ఆకారం పెద్దగా మారదు. ముందు నుంచి తీసిన ఎక్స్‌రేలో కూడా ఒక్కోసారి దొరకదు. షాకు తగిలి బతికి బయటపడ్డ మనిషి అరచెయ్యి పైకి తిప్పలేకపోతే, చేయి లోపలికే తిరిగి ఉంటే, "పక్క నుంచి కూడా ఫొటో తీయండి సారూ" అని అడగండి. అడగడం తప్పు కాదు.

చిన్న పిల్లల సంగతి కూడా ఇక్కడే. ఒక్క చెయ్యి పట్టి గుంజి పైకి లేపుతాం. పిల్ల ఏడుస్తుంది, చెయ్యి వేలాడేస్తుంది. భుజం జారిందని భయపడతాం. చాలాసార్లు అది భుజం కాదు, మోచేయి. మోచేతి దగ్గర ఉంగరం లాంటి పట్టీ ఒకటి ఉంటుంది. చిన్న పిల్లల్లో అది ఇంకా గట్టిపడదు, బొక్క మీది నుంచి జారుతుంది. డాక్టరు నిమిషంలో సరిచేస్తారు. పిల్లలను ఎత్తేటప్పుడు రెండు చంకల కింద చేతులు పెట్టి ఎత్తండి.

పట్టేసిన భుజం

మిర్చి తోట గట్టు మీద సద్ది తినే వేళ. ఇద్దరు మాట్లాడుకుంటున్నారనుకోండి.

"ఏంది వదినా, ఎడమ చేత్తో దువ్వుకున్నవా తల? పాపిట వంకర పోయింది."

"కుడి రెక్క లేస్తలేదే. మూడు నెలలాయె. జాకెట్టు వేసుకోవాలంటే కోడలిని పిలవాల్సి వస్తున్నది. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే నిద్ర పడ్తలేదు."

"ఎక్కడన్న పడ్డవా?"

"ఎక్కడ పడలె. బరువు ఎత్తలె. దానంతటదే వచ్చింది. ఎవలో చేతబడి చేసిన్రేమో అంటున్నది మా అత్త."

చేతబడి కాదు. దీన్ని పట్టేసిన భుజం అంటారు. డాక్టర్లు ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య ఎక్కువగా వస్తుంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లకు ఎక్కువ. షుగరు ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ. థైరాయిడ్ జబ్బు ఉన్నవాళ్లకూ రావచ్చు. జపాన్ దేశంలో దీన్ని "యాభై ఏళ్ల భుజం" అంటారట. మన వదిన ఒక్కదానికే వచ్చింది కాదు.

లోపల ఏమవుతుంది? ముందు సంచి గురించి చెప్పుకున్నాం. అడుగున ముడతలు ఉంటాయని, చేయి లేపితే విప్పుకుంటాయని. ఈ జబ్బులో ఆ సంచి వాస్తుంది, తర్వాత మందమవుతుంది, తర్వాత కుంచించుకుపోతుంది. ముడతలు ఒకదానికొకటి అంటుకుంటాయి. రెక్కబొక్క ముక్కు నుంచి వచ్చే మందమైన పట్టీ కూడా బిగుసుకుంటుంది. కొత్త జాకెట్టు ఒక్క ఉతుకుకు బిగుతైపోతే చేయి ఎట్లా లేవదో అట్లా. చేయి బయటికి తిప్పడం అన్నిటికంటే ముందు పోతుంది.

ఇది మూడు దశల్లో నడుస్తుంది. మొదట కొన్ని నెలలు నొప్పి ఎక్కువ, ముఖ్యంగా రాత్రిళ్లు. తర్వాత కొన్ని నెలలు నొప్పి తగ్గుతుంది కానీ భుజం కదలదు. చివరికి మెల్లగా వదులవుతుంది. మొత్తం ఏడాది నుంచి మూడేళ్ల దాకా పడుతుంది. చాలామందికి తగ్గుతుంది. కొందరికి కొంచెం బిగువు మిగిలిపోతుంది. ఒక భుజం నయమయ్యాక రెండోదానికి కూడా రావచ్చు.

మూడేళ్లు అంటే మాటలా? కూలి పోతుంది. ఇంట్లో "పని తప్పించుకోవడానికి నాటకం" అనేవాళ్లు ఉంటారు. పైకి వాపు లేదు, దెబ్బ లేదు, కట్టు లేదు. ఎవరికీ కనపడని నొప్పి. ఈ పాఠం చదివినవాళ్లు కనీసం ఆ మాట అనకుండా ఉంటే మేలు.

మరి చేయాల్సింది ఏంటి? రెండు తప్పులు మాత్రం చేయవద్దు. ఒకటి, నొప్పి అని చేయిని పూర్తిగా కదపకుండా మెడకు కట్టుకోవడం. దాంతో సంచి ఇంకా అంటుకుంటుంది. రెండోది, ఎవరితోనో బలవంతంగా గుంజించడం. దాంతో వాపు ఎక్కువవుతుంది. ఊళ్లో నొప్పి సూది వేసేవాళ్ల దగ్గర రోజూ సూది వేయించుకోవడం కూడా మంచిది కాదు. నొప్పి గోళీలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు చెడతాయి.

ముందు షుగరు పరీక్ష చేయించుకోండి. భుజం పట్టేసిందని పోతే షుగరు ఉన్నట్టు అప్పుడే బయటపడేవాళ్లు ఉన్నారు. డాక్టరు కీలులోకి ఒక సూది వేయవచ్చు. మొదటి దశలో అది నొప్పి తగ్గిస్తుంది. షుగరు ఉన్నవాళ్లకు ఆ సూది తర్వాత కొన్నాళ్లు షుగరు పెరగవచ్చు. అందుకే షుగరు సంగతి దాచకుండా చెప్పాలి.

ఇంట్లో చేసుకునే వ్యాయామాలు ఇవి. వేడి నీళ్లతో భుజానికి కాపడం పెట్టుకున్నాక చేస్తే సుఖంగా ఉంటుంది.

బల్ల మీద గానీ మంచం పట్టె మీద గానీ బాగున్న చేయి ఆనించి ముందుకు వంగండి. నొప్పి చేయిని గంట లోలకం లాగా వేలాడదీయండి. ముందుకు వెనక్కు, పక్కలకు, గుండ్రంగా మెల్లగా ఊపండి. నొప్పి కొంచెం తగ్గాక చేతిలో చిన్న నీళ్ల చెంబు పట్టుకుని ఊపవచ్చు.

గోడకు ఎదురుగా నిలబడండి. వేళ్లు గోడ మీద పెట్టి బల్లి పాకినట్టు పైకి పాకించండి. ఎక్కడ ఆగిందో అక్కడ బొగ్గుతో గీత గీయండి. మర్నాడు గీత దాటుతుందేమో చూడండి. తారీకు పక్కన రాయండి. అక్షరాలు నేర్చుకున్నది ఇట్లాంటి వాటికే కదా.

దూలం మీదుగా తాడు వేసి రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకోండి. బాగున్న చేయి కిందికి గుంజితే నొప్పి చేయి పైకి లేస్తుంది. బాయి గిరక లెక్కనే.

తువ్వాలను వీపు వెనక నిలువుగా పట్టుకోండి. బాగున్న చేయి పైన, నొప్పి చేయి కింద. పై చేత్తో మెల్లగా పైకి గుంజండి.

రోజుకు మూడు నాలుగు సార్లు, పూటకు పది నిమిషాలు. లాగినట్టు అనిపించాలి, కండ్లలో నీళ్లు రావద్దు.

ఇది భుజం నొప్పి కాదు

ఒక హెచ్చరిక. ఎడమ భుజంలో నొప్పి, దాంతో పాటు ఛాతీ మీద బండ పెట్టినట్టు బరువు, చెమటలు, ఆయాసం, వాంతి వచ్చినట్టు ఉంటే అది భుజం నొప్పి కాదు. గుండె నొప్పి కావచ్చు. భుజం నొప్పి చేయి కదిపితే పెరుగుతుంది. గుండె నొప్పి చేయి కదపకున్నా ఉంటుంది. ఆడవాళ్లలో ఛాతీ నొప్పి పెద్దగా లేకుండా ఆయాసం, నీరసం, దవడ నొప్పితో కూడా రావచ్చు. పొద్దున చూద్దామని ఆగవద్దు. 108 కు ఫోను చేయండి.

ఎక్కడికి పోవాలి

ఒకప్పుడు జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడూ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. బొక్క విరిగితే వరంగల్ ఎం.జి.ఎం. దవాఖానకే పోవాల్సి వచ్చేది. 2016 అక్టోబరులో మూడూ వేరు వేరు జిల్లాలయ్యాయి. మహబూబాబాద్‌లో 2022 లో, జనగామలో, భూపాలపల్లిలో 2023 లో సర్కారు మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. కాబట్టి బొక్కల డాక్టరు కోసం ముందు మీ జిల్లా దవాఖానలోనే అడగండి. వ్యాయామం నేర్పే ఫిజియోథెరపీ గది ఎక్కడుందో కూడా అడగండి. ఒకసారి చూపించుకుని నేర్చుకుంటే మిగతాది ఇంట్లో చేసుకోవచ్చు.

పోయేటప్పుడు మూడు సంగతులు కాగితం మీద రాసుకుని పొండి. నొప్పి ఎప్పుడు మొదలైంది. పడ్డారా, పడలేదా. ఏ పని చేయలేకపోతున్నారు. "నొప్పి ఉంది" అంటే డాక్టరుకు తెలిసేది కొంచెమే. "కొప్పు ముడి వేయలేకపోతున్న, జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోతున్న, అటు పక్క పండుకోలేకపోతున్న" అంటే ఏ పట్టీ బిగిసిందో ఆయనకు సగం అక్కడే తెలుస్తుంది.

గట్టు మీది వదిన గోడ మీద గీతలు గీయడం మొదలుపెట్టిందనుకోండి. మొదటి గీత ముక్కు ఎత్తున ఉంటుంది. నెల తిరిగాక నొసటి ఎత్తుకు వస్తుంది. ఒక్కోసారి వారం రోజులు అదే గీత దగ్గర ఆగుతుంది. ఆగినా రోజూ గోడ దగ్గరికి పోవాలి. గీత తలను దాటి జానెడు పైకి పోయిన నాడు, ఆమె తన కొప్పు తానే ముడుచుకోగలదు.